బదరీవృక్షము క్రింద అలసినవాడు



ఏలీయా ప్రవక్తను గూర్చి మన సంఘములలో ప్రసంగించునప్పుడు కర్మెలు పర్వతముమీద దిగివచ్చిన అగ్నిని గూర్చియే ఎక్కువగా చెప్పుకొందుము. ఆ తరువాత జరిగినదానిని గూర్చి అంతగా చెప్పుకొనము. అంతటి కార్యము చేసిన దైవజనుడు యెజెబెలు బెదిరింపు వినినంతనే ప్రాణభయముతో పారిపోయెను. అరణ్యములో ఒక దినప్రయాణము నడిచి, ఒక బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక బ్రదుకలేనని దేవునితో మొరపెట్టుకొనెను. ఈ సంగతి రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయములో నున్నది.

దేవుడు అతనికి ఏమి చేసెనో జాగ్రత్తగా చూడుడి. విశ్వాసము లేనివాడవని గద్దింపలేదు. మొదట నిద్రపోనిచ్చెను. దూతను పంపి, తట్టి లేపి, రొట్టెయు నీళ్లును పెట్టించెను. మరల పండుకొననిచ్చి, మరల భోజనము పెట్టించెను. హోరేబు గుహయొద్ద అతని మనోవేదనను రెండు మారులు చెప్పుకొననిచ్చి వినెను. అటు తరువాతనే పని అప్పగించెను. ఒంటరిగా పనిచేసినవానికి ఎలీషాను తోడుగా ఇచ్చెను.

పనిలో నలిగిన మనస్సునకు ఏమి కావలెనో ఆ ఒక్క అధ్యాయములోనే యున్నది. విశ్రాంతి కావలెను; ఆహారము కావలెను; వినువారు కావలెను; తోడు కావలెను. నేడు పరిశ్రమలలోను కార్యాలయములలోను పనిచేయువారి మనస్సుల కొరకు శిక్షణ పొందిన సహాయకులను నియమించు ఏర్పాటులు లోకమంతట వచ్చినవి. ఇది నిన్న మొన్న పుట్టిన సంగతి కాదు. దీని వెనుక నూరేండ్ల చరిత్ర కలదు. అందులో క్రైస్తవ మిషనులకును భాగము కలదు. కొంత భాగము మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములకు చేరువలోనే జరిగినది. ఆ చరిత్రను మన పల్లె సంఘములు తెలిసికొనవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కూలిపోయిన మిషనరీ

ఈ. స్టాన్లీ జోన్సు గారి పేరు మన పెద్దలు ఎరుగుదురు. ఆయన 1884లో అమెరికాలో జన్మించి, 1907లో మెథడిస్టు మిషనరీగా మన దేశమునకు వచ్చిరి. లక్నో నగరములోను ఆ చుట్టుపట్లను సుమారు ఎనిమిదిన్నర సంవత్సరములు విరామము లేక శ్రమించిరి. దాని ఫలితముగా నరముల నిస్సత్తువ ఆవరించి, పలుమారులు కూలిపోయిరి. సెలవుమీద స్వదేశమునకు పోవుచు, ఓడలో ఆదివారపు ఆరాధన నడుపుచుండగానే కూలిరి. ఒక సంవత్సరము విశ్రమించి తిరిగి వచ్చినను ఆ బాధ వదలలేదు. కొండ ప్రదేశములకు పోయి కుదుటపడుట, క్రిందికి దిగి పని మొదలుపెట్టగానే మరల పడిపోవుట, ఇట్లు జరుగుచుండెను. మిషను సేవ విడిచి ఎక్కడనైన పొలము పని చేసికొనవలసివచ్చునేమో అని ఆయన దిగులుపడిరి.

లక్నోలో ఒక రాత్రి ప్రార్థించుచుండగా, తన భారమును ప్రభువు తీసికొనుచున్నాడను నిశ్చయత ఆయనకు కలిగినది. నాటి నుండి నూతన బలము పొంది, అనేక సంవత్సరములు దేశదేశములు తిరిగి సేవచేసిరి. ఈ సంగతిని 1925లో వెలువడిన తన గ్రంథములో దాపరికము లేక వ్రాసిరి. ఒక మిషనరీ తన మనస్సు కూలిన సంగతిని అందరి యెదుట ఒప్పుకొనుట ఆ దినములలో చిన్న విషయము కాదు.

ఆయన కథలో మిగిలిన సగమును కొంత తరువాత చెప్పెదను. అంతకు ముందు మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పవలెను.

దాచిపెట్టిన జబ్బు

1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున, పలు మిషనులు ఏకమై క్షయరోగుల కొరకు ఒక శానిటోరియమును తెరచినవి. డెన్మార్కు దేశస్థులైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారు దానిని నడిపించిరి. స్ట్రెప్టోమైసిన్ అను మందు 1943లో గాని కనుగొనబడలేదు. అంతవరకు శానిటోరియములలో ప్రధాన చికిత్స విశ్రాంతి, మంచి ఆహారము, శుభ్రమైన గాలి. బదరీవృక్షము క్రింద ఏలీయాకు దొరికినవి ఇవియే గదా!

ఆ దినములలో క్షయ యను మాట ఇంటిలో పలుకుటకు జంకెడివారు. పేరు బయటపడిన ఉద్యోగము పోవును, పిల్లకు సంబంధము రాదు, ఇరుగుపొరుగు నీళ్లు ముట్టనియ్యరు అని భయపడి జబ్బును దాచెడివారు. దాచినందువలన జబ్బు ముదిరెడిది. నేడు క్షయ వచ్చినవానిని ఎవరును పాపి యని అనరు. మందులు మ్రింగించి, గ్రుడ్లు పాలు ఇచ్చి, పనికి తిరిగి పంపుదురు. జనుల మనస్సు మారుటకు డాక్టర్లతోపాటు మిషను ఆసుపత్రులలోని నర్సులు, వంటవారు, బైబిలు స్త్రీలు ఏండ్ల తరబడి పాటుపడవలసివచ్చినది.

మనస్సునకు వచ్చు జబ్బు మాత్రము ఇంకను ఆనాటి క్షయవలెనే దాగియున్నది. బ్రిటిషువారి కాలమున ఇట్టి రోగులకు వైద్యమనగా గోడల నడుమ నుంచుటయే. మద్రాసు కీల్పాకములో 1871లో నెలకొన్న ఆసుపత్రిని మన పెద్దలు పిచ్చాసుపత్రి అనియే పిలిచిరి. అక్కడికి పంపబడినవారు ఇంటికి రారని తలంచెడివారు. భోరు గారి అధ్యక్షతన ఏర్పడిన ఆరోగ్య విచారణ సంఘము 1946లో లెక్కించి చెప్పినదేమనగా, ఇంగ్లండులో సుమారు 300 మందికి ఒక పడక చొప్పున మానసిక ఆసుపత్రులుండగా, మన దేశమున సుమారు 40,000 మందికి ఒక పడక యున్నది. పిచ్చి అనునంతటి వ్యాధి ముదిరినవానికే చోటు లేదు. ఇక పనికి పోవుచునే లోలోపల కుమిలిపోవువానిని పట్టించుకొనువారెవరు?

మిల్లుల వాడలో

ఆ పనివానిని తలంచుకొనినవారు కొందరుండిరి. వారిలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ గారు ఒకరు. ఆయన అమెరికా దేశపు మిషనరీ. 1920ల నడుమ బొంబాయికి వచ్చి, నాగ్‌పాడ అను పేదల వాడలో ఇరుగుపొరుగు సేవాగృహమును ఏర్పరచిరి. బట్టల మిల్లులలో పనిచేయుటకు పల్లెల నుండి వచ్చినవారి బ్రదుకును ఆయన దగ్గరగా చూచిరి. పొలము, బంధువులు, పండుగలు, వాన ఎండలతో నడుచు పని, ఇవన్నియు విడిచివచ్చి, ఇరుకు గదులలో నుండుచు, కూత కూయగానే పనికి పోవువాడు ఎట్లు మారిపోవునో గ్రహించిరి. మంచి మనస్సు ఒక్కటియే చాలదు, ఇట్టి సేవకు చదువును శిక్షణయు కావలెనని ఆయన తలంచిరి. టాటా వారి ధర్మనిధి సహాయముతో 1936లో బొంబాయిలో సాంఘిక సేవను బోధించు విద్యాలయము తెరువబడగా దానికి ఆయనయే మొదటి డైరెక్టరు. అదియే 1944 నుండి టాటా సాంఘిక శాస్త్ర సంస్థగా పేరొందినది. మన దేశములో కార్మికుల సంక్షేమాధికారులును, ఆసుపత్రులలో రోగుల కుటుంబములను చూచు సాంఘిక సేవకులును అనేకులు అక్కడ చదివినవారే.

అదే 1936లో, అమెరికాలోని షికాగో నగరము చెంత హాథార్న్ అనుచోట, టెలిఫోను సామగ్రి చేయు పెద్ద కర్మాగారములో మరియొక ప్రయత్నము మొదలైనది. పనివారి మాట వినుట కొరకే కొందరిని నియమించిరి. వారు తీర్పు తీర్చరాదు, ఆజ్ఞాపించరాదు, విన్నదానిని పై అధికారులకు చెప్పరాదు. అంతయు వినుటయే వారి పని. ఆ ఏర్పాటు 1956 వరకు నడచినది. 1944లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరపు బిషప్ లెస్లీ హంటర్ గారు, ఉక్కు కర్మాగారములలోనికి పోయి పనివారి నడుమ నిలుచుటకై టెడ్ వికమ్ అను పాదిరిని నియమించిరి. గుడి గంట వినబడని చోటికి కాపరియే నడిచిపోయెను.

త్రాగుడు సంగతియు ఈ చరిత్రలో చేరియున్నది. 1935లో అమెరికాలో ఇద్దరు త్రాగుబోతులు, వారిలో ఒకరు డాక్టరు, ఒకరినొకరు ఆదుకొని త్రాగుడు మానిరి. ఆ ఇద్దరి నుండి పెద్ద సహవాసము పెరిగినది. 1940లలో అక్కడి కొన్ని కంపెనీలు త్రాగుడుచే పాడైన పనివానిని తీసివేయుటకు బదులు బాగుచేసికొనుట మేలని గ్రహించినవి. త్రాగుడు వెనుక నిద్రలేమి, అప్పు, భార్యాభర్తల కలహము, దిగులు ఉన్నవని తెలియగా, రానురాను ఆ సహాయము అన్ని మనోబాధలకును విస్తరించినది. నేడు పెద్ద కంపెనీలలో కనబడు ఉద్యోగుల సహాయ కార్యక్రమములకు మూలములలో ఇది ఒకటి.

యిత్రో చెప్పిన మాట

అయితే హాథార్న్ ప్రయత్నములో ఒక కొరత యుండెను. వినువారు బాధను వినిరి గాని, బాధకు కారణమైన పనిని మార్చు అధికారము వారికి లేదు. వినుట మంచిదే. కాని ఒకని వీపుమీద మోయరాని మూట పెట్టి, పక్కన నిలువబడి ఓదార్చుట చాలునా?

నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు జనులకు న్యాయము తీర్చుచు కూర్చుండెను. అతని మామయైన యిత్రో చూచి, ఈ పని నీవొక్కడవే చేయజాలవు, నీవును నీ జనులును నలిగిపోవుదురు అను భావముతో మాటలాడెను. ఓర్చుకొనుమని చెప్పలేదు. పనిని పంచుమని చెప్పెను. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమింపజేసెను. ఏలీయాకు ఆదరణ కావలసివచ్చెను. మోషేకు పని ఏర్పాటు మారవలసివచ్చెను. ఈ రెండును కావలెను. ఒకటి యుండి మరియొకటి లేనియెడల సగము వైద్యమే.

మన దేశపు శాసనములలో యిత్రో మాట కొంత వినబడుచున్నది. 1931లో కార్మిక విషయములను విచారించిన రాయల్ కమీషను, మిల్లులలో కార్మికుల మొర వినుటకు ప్రత్యేకాధికారులుండవలెనని చెప్పినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948లో చేసిన కర్మాగారముల చట్టము, పెద్దవారి పనిని వారమునకు 48 గంటలకును దినమునకు 9 గంటలకును పరిమితము చేసి, వారమునకొక సెలవును విధించినది. 500 మంది లేక అంతకు మించి పనివారున్న ప్రతి కర్మాగారములో వెల్ఫేరు ఆఫీసరును నియమించవలెనని శాసించినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టములో ఆ సంఖ్య 250కి తగ్గినది. సబ్బాతు దినమును మొదట ఆజ్ఞాపించిన దేవుడు దాసునికిని దాసికిని కూడ ఆ విశ్రాంతిని చేర్చి చెప్పెనని మనము మరువరాదు.

రాయవేలూరు బాట

ఇప్పుడు స్టాన్లీ జోన్సు గారి కథలో మిగిలిన సగము వినుడి. ఆయన ప్రార్థనలో స్వస్థత పొందినవారు. అందరికి ప్రార్థన యొక్కటే చాలును, డాక్టర్లతో పని లేదు అని చెప్పదగినవారు ఎవరైన ఉన్నయెడల ఆయనయే. కాని ఆయన అట్లు చెప్పలేదు. 1950లో లక్నో నగరములో నూర్ మంజిల్ అను మానసిక చికిత్సాలయమును స్థాపించిరి. ఆ పేరునకు వెలుగు నిలయమని అర్థము. మనోవ్యాధులను చదివిన వైద్యులును, ప్రార్థించు విశ్వాసులును ఒకే కప్పు క్రింద పనిచేయవలెనని ఆయన కోరిరి. తనను బాగుచేసిన దేవుడు ఇతరులను వైద్యుని చేతితో బాగుచేసినను అది దేవుని కార్యమే యని ఆయన నమ్మిరి.

ఆ వెలుగు మన వైపునకును వచ్చినది. చిత్తూరు నుండి సుమారు 35 కిలోమీటర్ల దూరముననున్న రాయవేలూరు ఆసుపత్రి మన జిల్లావారికి పుట్టినిల్లువంటిది. ఆర్కాటు మిషనును 1853లో స్థాపించిన స్కడ్డరు కుటుంబమునకు చెందిన డాక్టరు ఐడా స్కడ్డరు గారి చేతులమీదుగా అది పెరిగినది. గుండెకైనను కంటికైనను కాన్పునకైనను మనవారు తెల్లవారి బస్సులో మూట కట్టుకొని అక్కడికే పోవుచుండిరి. ఆ ఆసుపత్రివారు 1957లో ఊరి వెలుపల బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచిరి. దాని ఆరంభములో కెనడా దేశస్థురాలైన మిషనరీ డాక్టరు ఫ్లారెన్స్ నికోల్స్ గారు పాటుపడిరి.

అక్కడ ఒక నియమము చూచువారికి ఆశ్చర్యము కలిగించెను. రోగిని ఒంటరిగా చేర్చుకొనరు. తల్లియో, భార్యయో, అన్నయో, ఎవరైన ఇంటివారు తోడుగా వచ్చి అక్కడనే ఉండవలెను. వారే వంట చేయుదురు. మందులు ఇచ్చు విధము నేర్చుకొందురు. జబ్బు తిరిగి వచ్చు గురుతులను తెలిసికొందురు. గొలుసులు లేవు, ఎత్తయిన గోడలు లేవు. ఇంటివారిని దూరము చేసి బాగుచేయుట కాదు, ఇంటివారిచేతనే బాగుచేయుట ఆ ఏర్పాటు. 1963 నాటికి ఈ పద్ధతిని గూర్చి అమెరికాలోని మనోవైద్యుల పత్రికలో వ్యాసము వెలువడినది. మన కుటుంబముల ప్రేమనుండి పెద్ద దేశములు నేర్చుకొనవలసినది ఒకటి కలదని అప్పుడు తెలిసినది.

అటు తరువాత ప్రభుత్వమును కదలినది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఆరంభమైనది. రాయలసీమకు ఆనుకొని యుండి, తెలుగువారు అనేకులు నివసించు బళ్లారి జిల్లాలో 1985లో బెంగుళూరు నిమ్హాన్సు వైద్యులు ఒక ప్రయోగము చేసిరి. పెద్ద ఆసుపత్రికి రాలేని పల్లెవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోనే మనోవ్యాధులకు మందు దొరకునట్లు అక్కడి డాక్టర్లకును ఆరోగ్య కార్యకర్తలకును శిక్షణ ఇచ్చిరి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు బళ్లారియే మాదిరి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మనోవ్యాధిని శరీరవ్యాధితో సమానముగా చూడవలెనని, బీమా కంపెనీలును అట్లే చూడవలెనని ఆజ్ఞాపించినది. ప్రాణము తీసికొన యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నుండెనని భావించి అతనికి సంరక్షణ కల్పించవలెనని చెప్పినది.

ఫ్యాక్టరీ బస్సు ఆగుచోట

మన ప్రాంతము మారినది. ఒకప్పుడు వేరుశెనగ, చెరకు, మామిడి, పాడి మనకు జీవనాధారము. కరకంబాడిలో బ్యాటరీల పరిశ్రమ వచ్చినది. 2008లో సత్యవేడు, తడ ప్రాంతములలో శ్రీసిటీ వచ్చినది. నేడు తెల్లవారకముందే మన పల్లెల ముఖద్వారములయొద్ద ఫ్యాక్టరీ బస్సులు ఆగుచున్నవి. మన సంఘపు యౌవనస్థులు, ముఖ్యముగా ఆడపిల్లలు, అన్నపు క్యారియరు పట్టుకొని ఎక్కుచున్నారు. ఆ జీతముతో ఇండ్లు నిలిచినవి, తమ్ముళ్లు చదివిరి, అప్పులు తీరినవి. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే నాగ్‌పాడ వాడలో మాన్‌షార్ట్ గారు చూచిన మార్పు ఇప్పుడు మన గడపలోనికి వచ్చినది.

లోకమంతట ఇదే సంగతి. దిగులు, ఆందోళన అను రెండు జబ్బులవలననే ఏటేట సుమారు 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు లెక్కించినవి. 2022లో ఆ ఆరోగ్య సంస్థ పనిస్థలములలో మనస్సును కాపాడుటకు సూచనలు వెలువరించినది. అందులో ముఖ్యమైనది, పైన నుండి పని చేయించువారికి ముందుగా శిక్షణ ఇవ్వవలెననుట. పని భారమును, పని వేళలను సరిచేయవలెననుట. యిత్రో మాట మూడువేల ఏండ్ల పిమ్మట మరల వినబడినది.

కంపెనీలు ఏర్పరచు సహాయము సాధారణముగా ఇట్లుండును. కంపెనీ బయటివారైన సలహాదారులతో ఒడంబడిక చేసికొనును. పనివాడు ఫోను చేసి తన బాధ చెప్పుకొనవచ్చును. ఖర్చు కంపెనీది. ఎవరు ఫోను చేసిరో, ఏమి చెప్పిరో కంపెనీకి తెలుపరాదు. ప్రాణాపాయము ఉన్నప్పుడు మాత్రము ప్రాణము కాపాడుటకు కావలసినంత చెప్పుదురు. కొన్ని మారులు మాటలాడిన పిదప మందు కావలసినవానిని డాక్టరునొద్దకు పంపుదురు. ఈ ఏర్పాటునకు ప్రాణము రహస్యమే. ఆ నమ్మకము లేనిచోట ఎంత మంచి ఏర్పాటైనను గోడమీది కాగితమే.

నా తప్పిదము

ఇంతయు తెలిసి వ్రాయుచున్నానని తలంపకుడి. తెలియక చేసిన తప్పును ఒప్పుకొనవలెననియే వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక అమ్మాయి ఆరాధన ముగిసిన తరువాత నాకొరకు నిలిచియుండెను. ఆమెకు ఇరువదిరెండేండ్లుండును. ఒక ఫ్యాక్టరీలో ఒక వారము పగలు, ఒక వారము రాత్రి పని. "నిద్దర పట్టడం లేదయ్యగారూ. కండ్లు మూసుకున్నా ఆ ఫ్యాక్టరీ శబ్దమే వినిపిస్తా ఉంది. అన్నం సయించడం లేదు" అని చెప్పినది. ఆమె చిక్కిపోయియుండుట నేను చూచితిని. చూచియు, విశ్వాసము చల్లారినదమ్మా, మూడు దినములు ఉపవాసముండి ప్రార్థించుము అని చెప్పి పంపితిని.

అన్నము తినలేని బిడ్డను ఉపవాసముండుమంటిని. దూత రొట్టె పెట్టిన చోట నేను రొట్టె తీసివేసితిని.

ఆమె నా మాట విని అట్లే చేసినది. నాలుగవ దినమున పనిలో సొమ్మసిల్లినదని వారి తల్లి వచ్చి ఏడ్చినది. మా సంఘములోనే నర్సు పని చేయుచున్న ఒక సహోదరి ఆ బిడ్డను మనోవైద్యునియొద్దకు తీసికొనిపోయినది. నేనును వెంబడి పోతిని. ఆ డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, చక్కగా నిద్రపోయి ఎన్నాళ్లైనదమ్మా అని. నేను అడుగని ప్రశ్న అది. మందులు, వారమునకొకమారు మాటలాడుట, తల్లి చేతి గంజి, ఇట్లు కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆమె కోలుకొన్నది. పగటి పని మాత్రమే అడుగుకొని తిరిగి ఉద్యోగమునకు పోయినది. వారి ఫ్యాక్టరీ గోడమీద సహాయమునకు ఫోను నంబరు ఒకటి యుండెనట. "సూపర్‌వైజరుకు తెలిస్తే పని పోతాదని భయపడితిని" అని తరువాత నాతో చెప్పినది. అక్కడ ఉద్యోగము పోవునని భయము. గుడిలో విశ్వాసము లేనిదను పేరు వచ్చునని భయము. ఆ బిడ్డ ఎక్కడికి పోవలెను?

ప్రార్థన వలదని నేను చెప్పుటలేదు. ఆ నెలలలో మేము ఆమెకొరకు ప్రార్థించినంతగా మునుపెన్నడును ప్రార్థించియుండలేదు. కాని ప్రార్థన రొట్టెకు ప్రతిగా పెట్టునది కాదు, రొట్టెతోకూడ పెట్టునది.

సంఘము చేయదగినది

ఒకటి, గురుతులు తెలిసికొందము. రెండు వారములు మించి నిద్ర లేకపోవుట, ఆకలి తప్పుట, కారణము లేక ఏడ్చుట, ఇష్టమైనవాటిమీద మనస్సు పోకుండుట, నేను పనికిరానివాడనను తలంపు, కొత్తగా త్రాగుడు మొదలుపెట్టుట, ఇవి కనబడినయెడల డాక్టరునకు చూపవలెను. బ్రదుకుట వలదు అని ఎవరైన అన్నయెడల అది పైపై మాట అనుకొనరాదు. వారిని ఒంటరిగా విడువక వెంటనే సహాయము పిలువవలెను.

రెండు, సహాయము ఎక్కడ దొరకునో తెలిసికొందము. 2022 అక్టోబరు 10న ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను నంబరునకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. ఖర్చు లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. రాయవేలూరు బాట మనకు తెలిసినదే. ఆ నంబరును గుడి గోడమీద, ఆరాధన వేళలు వ్రాసిన పలక ప్రక్కనే వ్రాయించుడి.

మూడు, వినుట నేర్చుకొందము. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో మౌనముగా కూర్చుండిరి. నోరు తెరచి, నీవేదో పాపము చేసియుందువని వాదించినప్పుడే తప్పిపోయిరి. విన్నదానిని ఇరుగుపొరుగుకు చేరవేయరాదు. ప్రార్థన కూడికలో పేరు పెట్టి చెప్పుటయు బయటపెట్టుటయే. డాక్టరు ఇచ్చిన మందును మానుమని ఎవరికిని చెప్పరాదు.

నాలుగు, సంఘమును ఒక పనిస్థలమేనని గుర్తింతము. మన ఉపదేశులు, బైబిలు స్త్రీలు, మిషను బడుల ఉపాధ్యాయులు, ఆసుపత్రుల నర్సులు పనివారే. వారికి వారమునకొక దినమైన విశ్రాంతి యున్నదా? వారి మొర వినువారున్నారా? సంఘ కమిటీలు ఈ ప్రశ్న వేసికొనవలెను. స్టాన్లీ జోన్సు గారు ఓడలో కూలినది ఆరాధన నడుపుచుండగానే గదా.

వచ్చు ఆదివారము మీ గుడిలో ఫ్యాక్టరీ బస్సు ఎక్కు బిడ్డలు ఎందరున్నారో చూడుడి. రాత్రి పని చేసివచ్చి ప్రసంగములో తూలుచున్నవానిని గద్దింపకుడి. ఆరాధన అయిన పిమ్మట వానిని ఇంటికి పిలిచి, ముద్ద పెట్టి, నీ పని ఎట్లున్నది నాయనా అని అడిగి, చెప్పునది వినుడి.

అలసిన ప్రవక్తకు నిప్పులమీద రొట్టె కాల్చి పెట్టించిన దేవుడు, పనిలో నలిగిన మన కుమారులను కుమార్తెలను జ్ఞాపకము చేసికొనును గాక. వారియొద్దకు పంపదగిన దూతలుగా మన సంఘములను సిద్ధపరచును గాక. ఆమేన్.